తాడు ఎప్పుడూ రెండంగుళాలు తక్కువే

చంటిపిల్లకి స్నానం చేయించడం చూసినవాళ్లకి ఆ వరస తెలుసు. పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లని కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె మర్దించి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చని నీళ్లు పోసి, తల తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, పౌడరు అద్ది, కాటుక దిద్ది, ఇక అన్నీ అయిపోయాయి అనుకున్నాక చివర్లో తల్లి చేసే పని ఒకటుంది. కాటుక వేలితో బుగ్గ మీద ఒక నల్లటి చుక్క పెడుతుంది. అంతసేపు కష్టపడి ముద్దుగా తయారు చేసిన ముఖం మీద తనే ఒక మచ్చ వేస్తుంది, దిష్టి తగలకూడదని.

దిష్టిని నమ్మడం, నమ్మకపోవడం వేరే సంగతి. ఆ చుక్క వెనక ఉన్న ఆలోచనని మాత్రం గమనించాలి. తను ఎంత శ్రద్ధగా చేసినా బిడ్డని కాపాడే పని పూర్తిగా తన చేతిలో లేదని ఆ తల్లికి తెలుసు. తెలిసి కూడా రేపు మళ్లీ అదే నీళ్లు కాస్తుంది, అదే నూనె రాస్తుంది. ఇప్పుడు అదే ఇంట్లో, అదే పిల్ల కోసం, ఫోన్‌లో ఒక యాప్ కూడా ఉంటోంది. ఎన్ని మిల్లీలీటర్ల పాలు తాగింది, ఎన్ని గంటలకి పడుకుంది, రాత్రి ఎన్నిసార్లు లేచింది, బరువు ఏ గీత దగ్గరుంది, అన్నీ అందులో ఎక్కించాలి. ఒక పూట ఎక్కించకపోతే టెన్షన్, గీత కిందికి జారితే ఇంకా టెన్షన్. ఆ సమయానికి ఎవరో ఫోన్ చేసి "అంతా ఆ దేవుడి మీద భారం వెయ్యమ్మా" అంటారు. మంచి మాటే. కానీ అలిసిపోయి ఉన్న మనిషికి అది ఇంకో హోంవర్క్ లాగే వినిపిస్తుంది, భారం వెయ్యడం కూడా తనకి సరిగ్గా చేతకావట్లేదన్నట్టు.

ఇంతకీ భారం వెయ్యడం అంటే ఏమిటి? మన ఇళ్లలో ఉన్న విశ్వాసాల్ని కాస్త దగ్గరగా చూస్తే, అవేవీ తల్లిని పని మానెయ్యమనవు. మంచి జరిగితే నా గొప్ప, చెడు జరిగితే నా తప్పు అని వేసుకునే ఆ లెక్కని మానెయ్యమంటాయి. రాసేటప్పుడు ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ పిల్లకి జ్వరం వచ్చిన రాత్రి ఒక తల్లి ఆ జ్వరంతో మాత్రమే పోరాడుతుందా, లేక "ఐస్‌క్రీమ్ నేనే ఇచ్చాను కదా" అంటూ తనతో తను కూడా పోరాడుతుందా అన్నది ఇక్కడే తేలుతుంది.

పాతకాలం తల్లులకి ఈ బాధ లేదని, నమ్మకం ఎక్కువ కాబట్టి హాయిగా పెంచారని అనుకోవడం సగమే నిజం. పెంటయ్య, పుల్లయ్య, తవిటయ్య, తవిటమ్మ లాంటి పేర్లు ఎలా వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో మళ్లీ ఒక బిడ్డ పుడితే, ఆ బిడ్డని పెంటకుప్ప మీద పెట్టి తీసుకురావడమో, ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించడమో, గుప్పెడు తవుడుకి అమ్మినట్టు చేసి మళ్లీ కొనుక్కోవడమో చేసేవారు. ఈ బిడ్డ మాకు అంత విలువైనదేమీ కాదు, దీని జోలికి రావద్దు అని మృత్యువుకి వినపడేలా చెప్పడం అది. మనసు నిబ్బరంగా ఉన్న తల్లి చేసే పని కాదు, గుండె చెరువైన తల్లి చేసే పని. మన దేశంలో 1971లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, మంచినీళ్లు, విరేచనాలు పట్టుకుంటే తాగించే ఓఆర్ఎస్ పొట్లం, ఇవన్నీ తెచ్చిన మార్పు ఇది. దీనికి ఎంత దండం పెట్టినా తక్కువే. అయితే బిడ్డ బతకడం కొంత మన చేతిలోకి వచ్చేసరికి, మిగతావన్నీ కూడా మన చేతిలోనే ఉండాలన్న పట్టుదల దాని వెనకే వచ్చింది. ఎత్తు, బరువు, ఎన్నో నెలలో నడిచింది, ఎన్ని పదాలు మాట్లాడుతోంది, ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చారా లేదా, దేంట్లో వెనకపడినా మొదట తల్లి వైపే చూస్తారు.

పైగా ఒకప్పుడు పెంపకం ఒక్కరి పని కాదు. అత్తగారి పెత్తనమూ ఆడబిడ్డల మాటలూ కూడా అందులో భాగమే, వాటికి ఇప్పుడు తీపి పూయనక్కర్లేదు. కానీ పిల్లవాడు ముద్ద మింగకపోతే చంకనేసుకుని వీధి అరుగు మీదికి తీసుకెళ్లడానికి ఇంకో మనిషి ఉండేది. గచ్చిబౌలి పదో అంతస్తులోనో, కాన్పుకి వచ్చిన అమ్మ ఆరు నెలలూ నిండి ఫ్లైటెక్కి వెళ్లిపోయాక న్యూజెర్సీలోనో, ఆ ఇంకో మనిషి లేదు. ఉన్నది గ్రూపులో వచ్చే ఫొటోలు, వాటిలో అందరి పిల్లల టిఫిన్ డబ్బాలూ రంగురంగులుగా ఉంటాయి.

పాల్ హ్యూవిట్, గోర్డన్ ఫ్లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1991లో పర్ఫెక్షనిజాన్ని, అంటే అన్నీ లోపం లేకుండా ఉండాలన్న పట్టుదలని, మూడు రకాలుగా విడదీశారు. మనకి మనం పెట్టుకునే కొలత, ఎదుటివాళ్లకి మనం పెట్టే కొలత, లోకం మనకి పెట్టిందని మనం అనుకునే కొలత. 1989 నుంచి 2016 వరకు అమెరికా, కెనడా, బ్రిటన్ కాలేజీ విద్యార్థుల మీద వచ్చిన సర్వేలని థామస్ కరన్, ఆండ్రూ హిల్ కలిపి చూసినప్పుడు ఈ మూడూ పెరిగినట్టు తేలింది, అన్నిటికన్నా ఎక్కువగా పెరిగింది మూడోది. తల్లి అయ్యేసరికి ఈ మూడూ ఒకేసారి మీద పడతాయి. నేను సరిగ్గా పెంచాలి, పిల్లవాడు సరిగ్గా ఉండాలి, అందరూ చూస్తున్నారు.

మన దగ్గర ఆ మూడో రకానికి బలం ఇచ్చే వాక్యం ఒకటి భక్తిలోంచే వచ్చింది. "కుపుత్రో జాయేత క్వచిదపి కుమాతా న భవతి", చెడ్డ కొడుకు పుట్టొచ్చు గానీ చెడ్డ తల్లి ఉండదు అని. శంకరాచార్యుల పేరు మీద ఉన్న దేవ్యపరాధ క్షమాపణ స్తోత్రంలోది ఈ మాట. అది ఒక బిడ్డ అమ్మవారి ముందు నిలబడి, నాకు మంత్రం రాదు, పూజ రాదు, తప్పులే చేశాను, అయినా నువ్వు నన్ను వదలవు అని ఏడుస్తూ చెప్పుకునే మాట. జగన్మాత గురించి చెప్పిన ఆ మాటని తీసుకొచ్చి, మూడు రాత్రులుగా నిద్రలేని ఒక మామూలు ఆడమనిషి మెడలో వేశాం. ఆవిడ విసుక్కోకూడదు, అలిసిపోకూడదు, ఒక్క పూట కూడా చెడ్డ తల్లి కాకూడదు. నిజానికి ఆ స్తోత్రంలో తల్లులకి దొరికే చోటు అమ్మవారిది కాదు, తప్పులు ఒప్పుకుని ఒడిలో తల పెట్టే ఆ బిడ్డది.

ఇప్పుడు యశోద దగ్గరికి రావాలి. ఈ విషయంలో తెలుగువాళ్లకి ఆమె కంటే దగ్గరి మనిషి లేదు. పోతన భాగవతం దశమ స్కంధంలో రోటికి కట్టే ఘట్టం అందరికీ తెలిసిందే, కానీ అందులో వరసగా ఏం జరిగిందో ఒకసారి చూడండి. యశోద పెరుగు చిలుకుతోంది. పిల్లవాడు వచ్చి కవ్వం పట్టుకున్నాడు, ఆకలి. పని ఆపి ఒళ్లోకి తీసుకుని పాలివ్వడం మొదలుపెట్టింది. అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. పిల్లవాడి కడుపు ఇంకా నిండలేదు, అయినా కిందికి దించి పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. వాడికి కోపం వచ్చింది. రాయి తీసుకుని కుండ పగలగొట్టాడు, వెన్న తిన్నాడు, రోలెక్కి కూర్చుని కోతికి కూడా పెట్టాడు. ఆమె కర్ర పట్టుకుని వెంటపడింది. పట్టుకున్నాక వాడు భయపడుతున్నాడని చూసి కర్ర పారేసింది, సంస్కృత మూలంలో ఈ మాట స్పష్టంగా ఉంది. సరే, కొట్టను, కనీసం కదలకుండా కట్టేస్తాను అనుకుంది. తాడు తెచ్చింది. రెండంగుళాలు తక్కువైంది. ఇంకో తాడు ముడేసింది. మళ్లీ రెండంగుళాలే తక్కువ. ఇంట్లో ఉన్న తాళ్లన్నీ అయిపోయాయి, ఒళ్లంతా చెమట పట్టింది, కొప్పులో పూలు జారిపోయాయి, చుట్టూ చేరిన గోపికలు నవ్వుతున్నారు, ఆ రెండంగుళాలు మాత్రం అలాగే ఉన్నాయి. అప్పుడు తల్లి పడుతున్న శ్రమ చూసి ఆ పిల్లవాడే జాలిపడి కట్టుబడ్డాడు.

ఈ కథలో ఆమెకి తాడు పట్టుకోవడం తప్పని ఎవరూ చెప్పలేదు. గోపికలు నవ్వారు గానీ, ఆమె ప్రయత్నం వ్యర్థమని ఎవరూ అనలేదు. లక్ష్మీదేవి కౌగిట్లో చిక్కనివాడు, సనకాది యోగుల మనసుకి చిక్కనివాడు, వేదాలకి చిక్కనివాడు తల్లి చేతికి చిక్కాడని పోతన మురిసిపోతాడు. వైష్ణవ వ్యాఖ్యాతలు ఆ రెండంగుళాలకి అర్థం చెబుతూ ఒకటి మనిషి పడే శ్రమ, రెండోది దేవుడి దయ అన్నారు. రెండూ కలిస్తేనే ముడి పడుతుంది. శ్రమ ఎంత పెంచినా దయ అనే అంగుళం దానితో పూడదు, శ్రమ అసలు లేకపోతే మొదటి అంగుళమే ఉండదు. నూటికి నూరు పాళ్లూ తన చేతిలో ఉండాలనుకునే తల్లి చేస్తున్న పని అచ్చంగా ఇదే, ఇంకో తాడు, ఇంకో తాడు అంటూ ముడేసుకుంటూ పోవడం. ఇంకో క్లాసు, ఇంకో సప్లిమెంటు, ఇంకో చార్టు.

ఇంకో విషయం కూడా ఉంది. యశోద ఆ పొద్దున ఒక పిల్లవాడిని ఆకలి మధ్యలో ఒళ్లోంచి దించింది. ఇవాళ్టి కొలతలతో చూస్తే అది తప్పుల జాబితాలోకి ఎక్కుతుంది. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే శాస్త్రవేత్త తల్లీబిడ్డల ముఖాముఖిని వీడియోలు తీసి ఏళ్ల తరబడి గమనించాడు. మామూలుగా, ఆరోగ్యంగా ఉన్న జంటల్లో కూడా ఇద్దరి భావాలూ సరిగ్గా కలిసి ఉండేది సుమారు 30 శాతం సమయమేనని తేలింది. మిగతా సమయమంతా తప్పిపోవడం, మళ్లీ కలవడం. ఆ మళ్లీ కలవడంలోనే బిడ్డకి నమ్మకం కుదురుతుందని ఆయన వాదన. బ్రిటన్‌లో పిల్లల డాక్టరుగా పనిచేసిన డొనాల్డ్ విన్నికాట్ 1953లోనే "సరిపోయేంత మంచి తల్లి" అనే మాట వాడాడు. మొదట్లో బిడ్డ అవసరాలన్నిటినీ దాదాపు పూర్తిగా తీర్చే తల్లి, బిడ్డ తట్టుకోగలిగిన కొద్దీ మెల్లమెల్లగా కొంత తక్కువ తీర్చడమే బిడ్డ ఎదుగుదలకి దారి అన్నాడు. పాలు పొంగుతుంటే దించేసి వెళ్లిన యశోదని ఆయన తప్పుపట్టి ఉండేవాడు కాదు.

ఇక భగవద్గీత. పిల్లల పెంపకం గురించి మాట్లాడేటప్పుడు అందరూ "కర్మణ్యేవాధికారస్తే" దగ్గరే ఆగిపోతారు. దానికంటే పనికొచ్చేది పద్దెనిమిదో అధ్యాయంలో 14వ శ్లోకం. ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు ఉంటాయని చెబుతుంది: పనికి ఆధారమైన శరీరం, చేసే మనిషి, రకరకాల సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. అంటే చేసే మనిషి ఐదిట్లో ఒకటి మాత్రమే. ఆ వెంటనే 16వ శ్లోకంలో, ఇంత ఉండగా కేవలం నేనే చేశాను అనుకునేవాడికి ఉన్నది ఉన్నట్టు కనపడటం లేదని కాస్త గట్టిగానే అంటుంది. దీన్ని రాగి జావ గిన్నె దగ్గరికి తీసుకురండి. ఎనిమిది నెలల పిల్ల నోరు బిగించేసింది. చెంచా ఎదురుగా ఉంది, జావ చల్లారుతోంది, గడ్డం మీద సగం కారిపోయింది. పళ్లు వస్తున్నాయేమో, నిద్ర వస్తోందేమో, పొద్దున తాగిన పాలు ఇంకా అరగలేదేమో, అసలు ఇవాళ ఆ రుచే నచ్చలేదేమో. ఇన్నిటి మధ్య తల్లి చేతిలో ఉన్నది జావ పలచగా కాచి, ఓపిగ్గా చెంచా పట్టుకోవడం. అది ఆమె చేసింది. పిల్ల తినకపోవడాన్ని "నాకు తినిపించడం చేతకాదు" అని చదువుకుంటే మిగతా నాలుగు కారణాలనీ కొట్టిపారేసినట్టే.

లెక్కలు చూసినా ఇదే కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌తో సహా వివిధ దేశాల పిల్లల్ని గమనించి తయారు చేసిన ప్రమాణాల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరగొచ్చు. తొమ్మిది నెలలకి పైగా తేడా! అసలు చేతులూ మోకాళ్ల మీద పాకకుండానే నడిచేసిన పిల్లలు కూడా అందులో 4 శాతానికి పైగా ఉన్నారు. పక్కింటి పిల్ల పది నెలలకే నడిచిందని ఇంట్లో నడిచే పంచాయితీ అంతా ఈ తొమ్మిది నెలల ఖాళీ స్థలంలోనే నడుస్తుంది.

అయితే విశ్వాసం తనంతట తాను బరువు దించదు. చాలా ఇళ్లలో అదే ఇంకో బరువవుతోంది, ఈ మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి. పిల్లవాడికి ఒంట్లో బాగాలేదంటే మొక్కు తీర్చలేదన్నమాట, మాటలు ఆలస్యమైతే ఫలానా శాంతి చేయించలేదన్నమాట, పరీక్ష పోతే తల్లి శుక్రవారం నియమం తప్పిందన్నమాట. అప్పటిదాకా యాప్‌లో ఉన్న లెక్క పూజగదిలోకి వచ్చి కూర్చుంటుంది. మొక్కు కృతజ్ఞతగా ఉన్నంతసేపు మనసుని తేలిక చేస్తుంది, బేరం అయిందంటే అది కూడా యశోద ముడేసిన ఇంకో తాడే. విచిత్రం ఏమిటంటే, మన పూజలే దీనికి విరుగుడు తమలో పెట్టుకున్నాయి. వరలక్ష్మీ వ్రతం చేసినా, సత్యనారాయణ వ్రతం చేసినా చివర్లో అక్షతలు, నీళ్లు చేతిలోకి తీసుకుని చెప్పేది ఏమిటి? "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం..." మంత్రంలో లోపం ఉంది, చేసిన తీరులో లోపం ఉంది, భక్తిలోనే లోపం ఉంది, నేను చేసిందేదో అది నీ దయ వల్ల పరిపూర్ణం కావాలి. పూజ ఎంత బాగా చేసినా ఈ మాట చెప్పే లేవాలి. లోపం లేకుండా చెయ్యడం మన వంతు అని ఆ పద్ధతి అనుకోలేదు, పరిపూర్ణం చెయ్యడాన్ని మొదటి నుంచీ అవతలి వైపే పెట్టింది. ఒక రోజు పెంపకం అయిపోయాక, పిల్లలు పడుకున్నాక, ఇదే మాట అనుకుని దీపం కొండెక్కించుకోవడానికి ఏ అడ్డూ లేదు.

శ్రీవైష్ణవంలో శరణాగతి గురించి రెండు పోలికలు ఉన్నాయి, రెండూ తల్లీపిల్లల పోలికలే. కోతిపిల్ల తల్లి పొట్టని తనే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లిపిల్లని తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం. శ్రీవైష్ణవంలోని రెండు శాఖల్లో వడగలై వారు మొదటిదాన్ని, తెంగలై వారు రెండోదాన్ని ఎత్తి చెబుతారు, ఆ వాదం శతాబ్దాలుగా నడుస్తూనే ఉంది. ఏది సరైనదన్నది పండితులకి వదిలేద్దాం. రెండింటిలోనూ మనిషి ఉన్నది పిల్ల స్థానంలో. పొద్దున్నుంచి రాత్రి దాకా అందరినీ మోసే మనిషిని కూడా మోసేవాళ్లు ఒకరున్నారని, ఆవిడ కూడా ఎవరికో పిల్లేనని చెప్పడం ఇది. ఇంట్లో ఎవరూ ఆవిడతో అనని మాట.

మిగతా విశ్వాసాల్లో కూడా ఇదే గీత కనిపిస్తుంది. బైబిల్ నిర్గమకాండంలో మోషే తల్లి బిడ్డని ఇక దాచలేక ఏటి ఒడ్డున వదిలింది. వదిలే ముందు జమ్ముపెట్టె తెచ్చి, నీళ్లు లోపలికి రాకుండా జిగటమన్ను, కీలు (తారు) పూసింది. పూత తన పని, ఏరు తన పని కాదు. ముస్లింలు హజ్‌లో సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు తిరిగేది దాహంతో ఉన్న బిడ్డ కోసం ఇబ్రాహీం ప్రవక్త భార్య హాజిరా పెట్టిన పరుగుని గుర్తు చేసుకుంటూ. ఆమె వెతికిన గుట్టల మీద నీళ్లు దొరకలేదు, బిడ్డని పడుకోబెట్టిన చోట ఊట పుట్టింది. అయినా ఆ పరుగునే ఆరాధనలో భాగం చేశారు.

ఇక్కడ రెండు మాటలు గట్టిగా చెప్పుకోవాలి. "దేవుడి మీద భారం వెయ్" అనే సలహా ఇచ్చేవాళ్లు ఆ పూట అంట్లు తోమడానికో, రాత్రి రెండు గంటలకి పిల్లని భుజాన వేసుకుని తిప్పడానికో లేవకపోతే ఆ సలహాకి విలువ లేదు. తండ్రి దించుకోవాల్సిన బరువుని దేవుడికి అప్పగించడం భక్తి కాదు. రెండోది, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ని నమ్మకం తక్కువవడం అనుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రసవం తర్వాత ప్రపంచంలో సుమారు 13 శాతం మందిని, మనలాంటి అభివృద్ధి చెందుతున్న దేశాల్లో 20 శాతానికి దగ్గరగా మానసిక సమస్యలు వేధిస్తాయి, వాటిలో ఎక్కువ డిప్రెషనే. వారాల తరబడి ఏడుపు ఆగకపోయినా, బిడ్డ మీద మనసు పోకపోయినా, చావు ఆలోచనలు వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు. మందు వేసుకోవడం కూడా జమ్ముపెట్టెకి కీలు పూయడం లాంటిదే.

వదలడం ఎలా ఉంటుందో కళ్లతో చూడాలంటే తిరుమల కల్యాణకట్టకి వెళ్లాలి. పుట్టు వెంట్రుకలు తీయించడానికి తెచ్చిన పిల్ల, ఏడాది కూడా నిండి ఉండదు. ఆ జుట్టుకి ఇన్నాళ్లూ నూనె రాసి, చిక్కు తీసి, చిన్న పిలక వేసి రబ్బరు బ్యాండ్ పెట్టింది తల్లే. ఇప్పుడు తల తడిపారు, కత్తి దగ్గరికి వచ్చింది, పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి కత్తి పట్టుకోలేదు, ఏడుపు ఆపలేదు, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చోవడమే ఆమె వంతు. తడి జుట్టు ముద్దలుగా ఆమె ఒళ్లో పడుతుంది. కాసేపటికి గుండు మీద గంధం పూస్తారు, పిల్ల వెక్కుతూనే చుట్టూ చూడటం మొదలుపెడుతుంది.

ఇలాంటిదే బైబిల్ సమూయేలు గ్రంథంలో ఇంకో తల్లి ఉంది, హన్నా. ఏళ్ల తరబడి ఏడ్చి కన్న కొడుకుని, పాలు మానగానే షిలోహు మందిరంలో వదిలి వచ్చింది. అక్కడితో కథ అయిపోలేదు. ఏటేటా బలి అర్పించడానికి వెళ్లినప్పుడు ఆమె ఒక చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్లేది. పిల్లవాడు ఎదురుగా లేడు, కొలత తీసుకునే వీలు లేదు. ఏడాదిలో ఎంత పొడుగయ్యాడో, భుజాలు ఎంత వెడల్పయ్యాయో ఊహించుకుని గుడ్డ కత్తిరించాలి.